చెవి కింద గడ్డ, లోపల హంసపాదు: మా పెదనాయన ఆపరేషన్ కథ

ఈసారి స్క్రిప్ట్ రాసుకోలేదు, పాయింట్లు మాత్రం ఫోన్‌లో పెట్టుకున్నా. అక్కడక్కడా దారి తప్పుతా, సర్దుకోండి.

ముందు ఒక చిన్న పని చెయ్యండి. చెవి తమ్మె కింద, దవడ ఎముక వెనకాల ఒక గుంట ఉంటుంది కదా, అక్కడ వేలు పెట్టండి. పెట్టారా? ఇప్పుడు పళ్ళు గట్టిగా కొరకండి. వేలి ముందు ఒక కండ బిగుసుకుంటుంది. ఆ కండ మీద, ఆ గుంటలో పరుచుకుని ఉండేదే పరోటిడ్ గ్రంథి. నోట్లో ఉమ్మి ఊరే గ్రంథులన్నిట్లో పెద్దది ఇదే. పెద్దది అంటే ఏదో అనుకోవద్దు, 15 నుంచి 30 గ్రాములు, అంతే. అందులోంచి ఒక సన్నని గొట్టం బుగ్గ గుండా వచ్చి నోట్లోకి తెరుచుకుంటుంది. పై దవడలో రెండో పెద్ద దంతం ఎదురుగా బుగ్గ లోపల నాలుకతో తడిమితే చిన్న బుడిపె తగుల్తుంది, అదే దాని వాకిలి. నేను ఇరవై ఏడేళ్ళు బతికి, బీటెక్ చదివి, బెంగళూరులో నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఈ బుడిపె ఒకటుందని పోయిన ఏడే తెలుసుకున్నా.

చిన్నప్పుడు గవదబిళ్ళలు వస్తే ఉబ్బేది ఈ గ్రంథే. మా కార్వేటినగరం తమిళనాడు బోర్డర్ దగ్గర కదా, మా అవ్వ సగం తమిళం, సగం తెలుగు మాట్లాడేది. గవదబిళ్ళల్ని పొన్నుకు వీంగి అనేది. పొన్ను అంటే బంగారం. మెళ్ళో బంగారు గొలుసు వేస్తే వాపు తగ్గుతుందని నమ్మకం. నాకు కూడా వేశారు. తగ్గింది. అది వైరస్ జబ్బు, వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది, క్రెడిట్ మాత్రం గొలుసుకి పోయింది.

సరే, అసలు విషయం. మా పెదనాయన.

మా పెదనాయన భారతం ఆడతాడు. చిత్తూరు వైపు వాళ్ళకి వివరించక్కర్లేదు, మిగతా వాళ్ళకోసం చెప్తా. మా పక్క ఊళ్ళల్లో ధర్మరాజుల గుళ్ళుంటాయి. ఎండాకాలంలో చాలా చోట్ల పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. అర్జునుడు తపసు మాను ఎక్కడం చూడ్డానికి జనం చెట్లెక్కి కూర్చుంటారు. ఆఖరి రోజు నేల మీద దుర్యోధనుడి బొమ్మని పెద్ద మట్టి దిబ్బలాగా చేసి పడుకోబెడతారు, దాని మీద భీముడూ దుర్యోధనుడూ వేషాలతో పరుగులెత్తి కొట్టుకుంటారు. మా పెదనాయన ముప్పై ఏళ్ళుగా ఆ దుర్యోధనుడు. మైక్ లేకపోయినా చివరి వరసకి వినపడే గొంతు. గొంతుని మించింది నవ్వు. కింది పళ్ళు మొత్తం కనపడేలా, ఒక కనుబొమ్మ పైకి ఎగరేసి నవ్వుతాడు. పిల్లలు ఏడుస్తారు. నేనూ ఏడ్చినోణ్ణే.

ఆ మనిషికి కుడి చెవి కింద గడ్డ. మొదట చెనక్కాయంత. నొప్పి లేదు. రెండేళ్ళు, మూడేళ్ళు, ఆరేళ్ళు. చిన్న నిమ్మకాయంత అయింది. తలపాగా చుట్టుకుంటే కనపడదులే అని మేకప్ ఆయనతో సర్దుకునేవాడు. ఇంట్లో ఎవరు ఏమన్నా ఒకటే మాట, "అది నన్నేమీ అనలా, నేను దాన్నేమీ అనను."

భయం లేక కాదు. భయం వల్లే. మా దూరపు బంధువు ఒకాయన ఉన్నాడు, పేరూ ఊరూ చెప్పను. పదేళ్ళ కిందట ఇదే చోట గడ్డ వస్తే ఒక చిన్న ఆసుపత్రిలో కొవ్వు గడ్డ అన్నారట. సూది పొడిచి చూడలేదు, స్కాన్ లేదు. మత్తు సూది అక్కడక్కడే వేసి, కోసి, వేలితో తవ్వినట్టు తీసేశారు. మరుసటి రోజు నుంచి ఆయన ఒక కన్ను మూసుకోలేడు, మూతి ఒక పక్కకి. కొన్నేళ్ళకి గడ్డ మళ్ళీ వచ్చింది, ఈసారి ఒకటి కాదు, ద్రాక్ష గింజల్లా నాలుగైదు. పెళ్ళిలో ఆయన్ని చూసొచ్చిన రాత్రి పెదనాయన మా నాయనతో అన్న మాట నాకు గుర్తుంది. "ఆ మొగంతో నేను దుర్యోధనుడు కాదు కదరా, గుడి ముందర దీపం పెట్టడానిక్కూడా పోను."

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న. ఉమ్మి గ్రంథిలో గడ్డ తీస్తే మూతి ఎందుకు వంకర పోవాలి? గ్రంథికీ మూతికీ ఏం సంబంధం?

నిజానికి ఏ సంబంధమూ లేదు. అదే ఇందులో విచిత్రం. ముఖాన్ని కదిలించే నరాన్ని ఫేషియల్ నర్వ్ అంటారు, మెదడు నుంచి వచ్చే పన్నెండు జతల నరాల్లో ఏడోది. ఈ నరం పరోటిడ్ గ్రంథికి ఉమ్మి ఊరమని చెప్పదు, ఆ డ్యూటీ వేరే నరానిది, తొమ్మిదోది. ఏడో నరం కేవలం ఈ గ్రంథి గుండా పోతుంది. రోడ్డు ఒకరి పొలం మధ్యలోంచి పోయినట్టు. పొలం వాడికి ఆ రోడ్డుతో పని లేదు, కానీ పొలంలో తవ్వాలంటే రోడ్డు తెగకూడదు.

చెవి వెనక గట్టిగా తగిలే ఎముక ఉంది చూడండి, దాని పక్కన పుర్రెకి కింద ఒక చిన్న రంధ్రం. నరం అక్కడ బయటికొస్తుంది. మందం రెండు మూడు మిల్లీమీటర్లు, మన ఫోన్ చార్జర్ వైరు కంటే సన్నం. సుమారు ఒక సెంటీమీటరు చిల్లర ముందుకి నడిచి గ్రంథిలోకి దూరి, అక్కడ రెండుగా చీలుతుంది. పైదొకటి, కిందదొకటి. ఆ రెండూ మళ్ళీ చీలి ఐదు రకాల కొమ్మలవుతాయి. అన్నిటికంటే పైది నుదురు, కనుబొమ్మ. రెండోది కన్ను మూసేది. మూడోది బుగ్గ, పై పెదవి. నాలుగోది దవడ అంచు వెంబడి పోయి కింది పెదవిని కిందికి లాగేది. ఐదోది మెడ మీది పల్చటి కండకి.

పెదనాయన నవ్వుని ఇప్పుడు మళ్ళీ తలుచుకోండి. కనుబొమ్మ ఎగరేయడం మొదటి కొమ్మ. కింది పళ్ళు కనపడటం నాలుగో కొమ్మ. ముప్పై ఏళ్ళ వేషం మొత్తం ఈ రెండు దారాల మీద వేలాడుతోంది.

నరం మొదటిసారి చీలే చోటుకి లాటిన్‌లో ఒక పేరుంది, పెస్ అన్సెరినస్. పెద్ద బాతు పాదం అని అర్థం. వేళ్ళు విప్పిన పక్షి పాదంలా ఉంటుందని పెట్టారు. తెలుగులో మనం ఏమంటాం? హంసపాదు! పాత రోజుల్లో రాసేటప్పుడు ఒక మాట మర్చిపోతే మధ్యలో ఇరికించడానికి పెట్టే గుర్తు. "ఆదిలోనే హంసపాదు" అని తిట్టుకుంటాం కదా, మొదట్లోనే అడ్డంకి వస్తే. ఈ ఆపరేషన్‌కి ఇంతకంటే సరిపోయే సామెత లేదు. గ్రంథిలోకి దిగీ దిగకముందే హంసపాదు దగ్గర నిలబడాలి. దాన్ని చూడకుండా ఒక్క అడుగు ముందుకి వేస్తే మా బంధువుకి జరిగిందే జరుగుతుంది.

ఇక్కడిదాకా ఏ బయాలజీ పుస్తకంలోనైనా ఉంటుంది. నేను ఈ ఎపిసోడ్ చెయ్యడానికి కారణం తర్వాతి ముక్క.

నాకు తెలిసిన ప్రపంచంలో డాక్యుమెంటేషన్ ఒకలా ఉంటుంది, ప్రొడక్షన్‌లో నడిచేది ఇంకోలా ఉంటుంది. కొత్తగా టీమ్‌లో చేరినోడు ఆర్కిటెక్చర్ బొమ్మ నమ్మి రాత్రి పూట ఒక వైరు పీకేస్తే ఏమవుతుందో అనుభవించినోళ్ళకి తెలుసు. మొహం కూడా అంతే. ఐదు కొమ్మల బొమ్మ డాక్యుమెంటేషన్. మన మన మొహాలు ప్రొడక్షన్.

1956లో డేవిస్ అనే ఆయన, మరో ముగ్గురు కలిసి ఒక పని చేశారు. శవాల మీద 350 సగం మొహాలు విప్పి చూశారు. సగం మొహం ఎందుకంటే ఎడమ వైపు ఉన్నట్టు కుడి వైపు ఉంటుందన్న గ్యారంటీ లేదు, ఒకే మనిషిలో కూడా. కొమ్మల మధ్య అడ్డదారులు ఎలా ఉన్నాయో చూసి ఆరు రకాలుగా విడదీశారు. పుస్తకంలో గీసినట్టు ఏ అడ్డదారీ లేకుండా శుభ్రంగా విడివిడిగా ఉన్న రకం ఎంతో తెలుసా? 13 శాతం. అంటే వందలో ఎనభై ఏడు మొహాల్లో కొమ్మలు ఎక్కడో ఒకచోట మళ్ళీ కలుసుకుంటున్నాయి. అన్నిటికంటే ఎక్కువగా కనపడ్డది మూడో రకం, 28 శాతం. ఆరో రకంలో, 6 శాతంలో, కింది కొమ్మలూ పై కొమ్మలూ వలలాగా అల్లుకుని ఉన్నాయి, దవడ కొమ్మతో సహా.

దవడ కొమ్మతో సహా అన్నాను కదా, అది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అక్కడికే వస్తా.

1987లో క్యాట్జ్, కాటలానో అనే ఇద్దరు సర్జన్లు బతికున్న మనుషుల ఆపరేషన్లలోనే చూసి రాశారు, వంద మందివి. వాళ్ళ లెక్కలు డేవిస్ లెక్కల్లాగా లేవు, రకాల విభజనే వేరు. వాళ్ళకి కనపడ్డ ఒక సంగతి మాత్రం నాకు నిద్ర పట్టనివ్వలేదు. వందలో ముగ్గురికి అసలు నరం మొదలే ఒకటి కాదు, రెండు కాండాలు. మీరు సర్జన్ అనుకోండి. నరం దొరికింది, హమ్మయ్య అనుకున్నారు. పక్కన ఇంకోటి ఉందని ఎవరు చెప్తారు?

స్కాన్‌లో కనపడదా అని మీరు కామెంట్ పెట్టేముందే చెప్తున్నా, నేనూ అదే అడిగా. మామూలుగా చేసే సీటీలో గ్రంథి లోపల ఈ కొమ్మలు కనపడవు. గడ్డ కనపడుతుంది, గ్రంథిలో ఉండే ఒక పెద్ద సిర కనపడుతుంది. నరం సాధారణంగా ఆ సిరకి పైపొరలో పోతుంది కాబట్టి సిర ఎక్కడుందో చూసి నరం ఇక్కడుండొచ్చు అని అంచనా వేస్తారు. కొందరిలో నరం సిరకి లోపలి పక్కన పోతుంది. అంచనా అంచనాయే.

ఇప్పుడు అడ్డదారుల వల్ల లాభమా నష్టమా? రెండూ. బుగ్గ కొమ్మల మధ్య, కంటి కొమ్మల మధ్య అడ్డదారులు ఎక్కువ. అక్కడ ఒక చిన్న తీగ తెగినా పక్క తీగ ఆ పని ఎత్తుకుంటుంది, కొన్నాళ్ళకి బయటికి తెలియకుండా పోవచ్చు. మేము సర్వర్లకి బ్యాకప్ పెట్టినట్టు. కానీ నుదుటి కొమ్మకీ దవడ అంచు కొమ్మకీ ఈ సాయం చాలా మందిలో లేదు. తెగితే తెగిందే. దేవుడు బుగ్గకి బ్యాకప్ పెట్టి దుర్యోధనుడి నవ్వుకి పెట్టలేదు.

దవడ కొమ్మ ఇంకో విధంగా కూడా మోసం చేస్తుంది. పేరు దవడ అంచు కొమ్మ కదా, అంచు మీదే ఉంటుందనుకుంటాం. 1962లో డింగ్‌మన్, గ్రాబ్ వంద సగం మొహాలు చూశారు. ముఖ ధమని దవడని దాటే చోటుంది, వేలు పెడితే కొట్టుకోవడం తెలుస్తుంది. దానికి వెనక భాగంలో 81 శాతం మందిలో ఈ కొమ్మ దవడ అంచుకి పైన ఉంది, 19 శాతం మందిలో అంచు దాటి కిందికి, ఒక సెంటీమీటరు లోపు జారి ఉంది. అందుకే దవడ కింద ఉండే రెండో ఉమ్మి గ్రంథిని తియ్యాల్సొస్తే, గాటు దవడ అంచు మీద పెట్టరు. రెండు వేళ్ళ వెడల్పు కిందికి దిగి పెడతారు. మెడ మీద ఎవరికైనా అలాంటి మచ్చ చూసి "ఇంత కింద ఎందుకు కోశారబ్బా" అనుకున్నారా? ఆ రెండు వేళ్ళు ఆ 19 మంది కోసం.

పిల్లల సంగతి ఒక్క మాట. చెవి వెనక ఎముక బుడిపె పుట్టినప్పుడు ఎదిగి ఉండదు, కాబట్టి నరం చర్మానికి చాలా దగ్గరలో ఉంటుంది. పెద్దవాళ్ళ కొలతలు పసిపిల్లలకి పనికిరావు.

సరే, పెదనాయన దగ్గరికి వద్దాం. ఆయన్ని ఒప్పించింది నేను కాదు. పోయిన ఏడాది ఉత్సవాల్లో తలపాగా నొక్కుతోందని ఆయనే విప్పేశాడు. మరుసటి వారం తిరుపతికి బయల్దేరాం. బస్సులో పక్క సీటాయన గడ్డ చూసి "పుత్తూరులో దిగి కట్టు కట్టించుకో అన్నా" అన్నాడు. మా వైపు ఏది విరిగినా, ఏది వాచినా ముందు పుత్తూరు కట్టే గుర్తొస్తుంది. పెదనాయన గంభీరంగా, "ఎముక లేని చోట కట్టు దేనికి కడతారప్పా" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. నేను ఆ నవ్వుని ఫోన్‌లో వీడియో తీసుకున్నా. ఎందుకు తీశానో ఆయనకి చెప్పలేదు.

తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చూసింది. గడ్డ మీద కంటే మొహం మీద ఎక్కువసేపు చూసింది. నుదురు ముడెయ్యండి, కళ్ళు గట్టిగా మూయండి, బుగ్గలు పూరించండి, పళ్ళు చూపించండి. గడ్డ ఉన్నప్పుడే మొహం బలహీనంగా ఉంటే అది క్యాన్సర్ అనుమానానికి పెద్ద గుర్తట. మామూలు గడ్డలు నరాన్ని పక్కకి నెడతాయి కానీ చంపవు. గబగబా పెరగడం, నొప్పి, గట్టిగా అతుక్కుపోవడం, మెడలో బిళ్ళలు, ఇవి కూడా అనుమానించాల్సినవే. పెదనాయనకి ఏమీ లేవు. ఈ గ్రంథిలో వచ్చే గడ్డల్లో సుమారు 80 శాతం క్యాన్సర్ కానివే.

సన్న సూదితో కొంచెం కణాలు లాగి పరీక్షకి పంపారు. సూది పొడిస్తే గడ్డ రేగుతుందని మా ఊళ్ళో గట్టి నమ్మకం. డాక్టరమ్మ అలాంటిదేం లేదని, పొడవకుండా కొయ్యడమే ప్రమాదమని చెప్పింది. రిపోర్టులో ప్లియోమార్ఫిక్ ఎడినోమా అని వచ్చింది. అన్నిటికంటే ఎక్కువగా వచ్చే మామూలు గడ్డ ఇదే. మామూలుదైతే వదిలేయొచ్చు కదా? వదిలేస్తే ఏళ్ళు గడిచేకొద్దీ కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. సగం సగం తీస్తే, పైపొర పగిలితే, కణాలు చల్లుకుని మళ్ళీ మొలుస్తుంది. మా బంధువుకి వచ్చిన ద్రాక్ష గింజలు అవే అని నాకు అప్పుడు వెలిగింది.

సంతకం కాగితం వచ్చింది. దాంట్లో ఒక లైను, ముఖ నరం బలహీనత రావచ్చు అని. పెదనాయన పెన్ను కింద పెట్టేశాడు.

డాక్టరమ్మ కసురుకోలేదు. స్కాన్ కవరు తిరగేసి బొమ్మ గీసింది. "పెద్దాయనా, మీకు సేద్యం ఉందా?" ఉంది. "మట్టిపెళ్ళలో గరిక వేళ్ళు పాకి ఉంటాయి కదా. పెళ్ళని పగలగొట్టి మట్టి రాల్చాలి, ఒక్క వేరు తెగకూడదు. నా పని అది." గరికని పీకడమే తెలిసిన మనిషి, కాపాడటం ఎప్పుడైనా విన్నాడా! కాసేపు బొమ్మ చూసి ఒకటే అడిగాడు. "నవ్వు ఉంటుందా అమ్మా?"

ఆమె ఉంటుంది అనలేదు. "కొన్నాళ్ళు వంకర పోవచ్చు, అది చాలా మందికి అవుతుంది, తిరిగొస్తుంది. ఎప్పటికీ పోవడం తక్కువ. సున్నా అని మాత్రం చెప్పను. మీ నరం ఏ దారిన పోతోందో తెరిచేదాకా నాకూ తెలియదు" అంది.

ఆ "నాకూ తెలియదు" విని నాకు గుండె జారింది. బయటికొచ్చాక పెదనాయన అన్నాడు, "తెలీదన్నది, నిజం చెప్పేది. ఈమె చేతుల్లో పెడతా." మా బంధువుకి చేసినాయన అంతా తెలుసు అన్నాడట.

ఆపరేషన్ ఎలా చేస్తారో నాకు ఆమె చెప్పింది చెప్తా. మొత్తం మత్తు. గాటు చెవి ముందు నుంచి మొదలై తమ్మె కింద తిరిగి మెడ మీది ముడతలోకి దిగుతుంది. ముందు నరం కాండం వెతకాలి. ఒక్క ఆనవాలు నమ్మరు. చెవి రంధ్రం కింద మృదులాస్థి ఒక మొనలాగా ఉంటుంది, నరం దానికి సుమారు ఒక సెంటీమీటరు లోతులో, కొంచెం కిందగా. దవడ కింద నుంచి చెవి వెనక్కి పోయే ఒక కండ ఉంది, నరం ఇంచుమించు దాని లోతులోనే, కాస్త పైన. చెవి గొట్టం ఎముకా వెనక ఎముకా కలిసే సందు మూడో ఆనవాలు, మూడింట్లో ఇదే దగ్గరిది. గడ్డ సరిగ్గా కాండం మీదే కూర్చుని ఉంటే ఈ ఆనవాళ్ళు పని చెయ్యవు, అప్పుడు కొమ్మ చివర పట్టుకుని వెనక్కి నడుస్తారు. కాలువ పట్టుకుని చెరువు వెతికినట్టు.

మెషిన్ కూడా ఉంటుంది. కంటి దగ్గర, పెదవి దగ్గర కండల్లో సన్న తీగలు గుచ్చుతారు. నరాన్ని ముట్టుకుంటే బీప్ అంటుంది. అందుకే మత్తు డాక్టరు కండలు పూర్తిగా వదులయ్యే మందు ఎక్కువసేపు ఉండేలా వాడరు, వాడితే మెషిన్ మూగదైపోతుంది. టెక్ వాడిగా నాకు అది తెగ నచ్చింది. ఆమె మాత్రం "బీప్ రాలేదంటే నరం లేదని కాదు" అంది. లాగ్ లేనంత మాత్రాన ఎర్రర్ లేనట్టు కాదు, అదే కదా.

మూడు గంటలు దాటింది. బయట నేనూ మా నాయనా ఒక టీని ఇద్దరం తాగుతూ కూర్చున్నాం, డబ్బుల్లేక కాదు, గొంతు దిగక.

ఆమె బయటికొచ్చి కాగితం మీద మళ్ళీ గీసింది, ఈసారి పెదనాయన సొంత బొమ్మ. కాండం ఒకటే. పైన అంతా మామూలే. బుగ్గ దగ్గర రెండు అడ్డదారులు. దవడ అంచు కొమ్మ ఒకటి కాదు, రెండు. అది అరుదేం కాదట. పై తీగ సులువుగా విడివడింది. కింది తీగ గడ్డ అడుగు భాగాన్ని చుట్టుకుని, అతుక్కుని ఉంది. "తెగలేదు. కానీ విడదీసేటప్పుడు సాగింది" అంది. పుస్తకం ప్రకారం ఒకటే తీగ అనుకుని, మొదటిది దొరకగానే ఆగిపోయుంటే?

మత్తు దిగాక పెదనాయన మొట్టమొదట అడిగింది అద్దం. నుదురు ముడేశాడు, వచ్చింది. కళ్ళు మూశాడు, మూసుకున్నాయి. నవ్వాడు. కుడి పక్క కింది పెదవి కదల్లేదు. ఎడమ పక్క పళ్ళు కనపడుతున్నాయి, కుడి పక్క పెదవి పళ్ళని కప్పేసింది. అద్దం బోర్లించి పెట్టేశాడు. ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు.

నరం తెగడం వేరు, దెబ్బ తినడం వేరు. తెగకుండా సాగిన నరం వారాల్లోనో నెలల్లోనో మేలుకుంటుంది. ఇది మీకు చెప్పినంత తేలిగ్గా ఆయనకి చెప్పలేకపోయా. రోజూ పొద్దున అద్దం ముందు వ్యాయామం, ప, ఫ, వ అక్షరాలు. నేను బస్సులో తీసిన వీడియో చూపించి, ఇది మన టార్గెట్ అన్నా. "టార్గెట్ లేదు, బొచ్చూ లేదు" అన్నాడు. అయినా చూశాడు. ఐదో వారంలో పెదవి మూల కొంచెం అదిరింది. మా పెద్దమ్మ ముందు చూసింది, అన్నంలో పచ్చడి కలిపిస్తా. మూడు నెలలు దాటేసరికి రెండు పక్కలా సమానం.

ఆయనకి కన్ను మూసుకునే బాధ రాలేదు కాబట్టి మా పని సులువైంది. ఆ కొమ్మ దెబ్బ తిన్నవాళ్ళు కంట్లో చుక్కలు వేసుకోవాలి, రాత్రి టేపు అంటించుకోవాలి, లేకపోతే కంటి పొర ఎండి పుండవుతుంది. క్యాన్సర్ వల్ల నరాన్ని కూడా తీసెయ్యాల్సొస్తే చెవి దగ్గరి నరమో కాలి నరమో తెచ్చి అతుకుతారు, అది రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ పోవాలి.

ఇంకో విషయం, దీన్ని బెదిరించడానికి కాదు, ముందే తెలిస్తే కంగారు ఉండదని. ఆపరేషన్ అయిన కొన్ని నెలల తర్వాత పెదనాయన ఊరగాయ తింటుంటే కుడి బుగ్గ మీద చెమట. ఫ్యాన్ కింద కూర్చున్నా చెమట. ఇంట్లో దిష్టి తీశారు. దీనికి పేరుంది, ఫ్రే సిండ్రోమ్. వూట్సియా ఫ్రే అనే పోలండ్ నరాల డాక్టరు 1923లో దీన్ని వివరంగా రాసింది. రెండో ప్రపంచ యుద్ధంలో ల్వూవ్ ఘెట్టోలో ఆమె ప్రాణం పోయింది. ఉమ్మి ఊరమని చెప్పే సన్న తీగలు గ్రంథి పోయాక తిరిగి మొలుస్తూ, దారి తప్పి, చర్మంలోని చెమట గ్రంథులకి అతుక్కుంటాయి. మెదడు ఉమ్మి అని పంపిస్తే అక్కడ చెమట అని చేరుతుంది. రాంగ్ ఎండ్‌పాయింట్. మరీ ఇబ్బందైతే బోటాక్స్ సూది ఉంది. పెదనాయన తుండుగుడ్డతో సరిపెట్టుకుంటున్నాడు.

మీ ఇంట్లో ఎవరికైనా చెవి ముందో కిందో నొప్పి లేని గడ్డ ఉంటే, నన్ను డీఎంలో ఫొటో పంపి అడగొద్దు ప్లీజ్, నేను డాక్టర్ని కాదు. ఈఎన్‌టీ సర్జన్‌కో తల, మెడ సర్జరీ చేసేవాళ్ళకో చూపించండి. సూది పరీక్ష చేశారా, నరాన్ని ముందు వెతికి పట్టుకుని తీస్తారా, మత్తు మొత్తమా అక్కడికేనా, ఇవి అడగండి. అడిగితే తప్పు పట్టే డాక్టరు దగ్గర సంతకం పెట్టకండి. ప్రభుత్వ వైద్య పథకంలో వస్తుందేమో ఆసుపత్రిలో ఉండే డెస్క్ దగ్గర కనుక్కోండి, మేము కనుక్కున్నాం. ఇంకోటి, గడ్డేమీ లేకుండా ఉన్నట్టుండి మూతి వంకర పోతే అది వేరే కథ. నుదురు కూడా కదలకపోతే నరం సమస్య కావచ్చు, నుదురు కదులుతూ మూతి మాత్రమే లాగితే మెదడులో స్ట్రోక్ కావచ్చు. ఏది అనేది ఇంట్లో కూర్చుని తేల్చొద్దు, ఏదైనా అదే గంటలో ఆసుపత్రికి.

ఈ ఏడు భారతానికి రిహార్సల్ మొదలైంది. మొన్న రాత్రి ధర్మరాజుల గుడి వెనక పందిట్లో పెదనాయన పూర్తి వేషం వేసుకున్నాడు. మేకప్ ఆయన కుడి చెవికి కుండలం తగిలించి, "నొప్పిగా ఉందా అన్నా?" అన్నాడు. గాటు దగ్గరి చర్మ నరం ఒకటి తెగడం వల్ల ఆ తమ్మె ఇంకా మొద్దుబారే ఉంది. "తగిలించావా ఏంది, నాకు తెలీలా" అన్నాడు. అని నవ్వాడు. పక్కనున్న మూడేళ్ళ పిల్ల కెవ్వుమని ఏడ్చి వాళ్ళమ్మ కొంగులో దూరింది.

[క్లిప్ ఇక్కడ ప్లే అవుతుంది]